పిలగా అన్న పిలుపు

మా చిన్నమ్మ ఏడుపుకి జనం డాన్సు చేయడం మొన్న హనుమకొండలో ఒక పెళ్లి బరాత్‌లో చూశాను. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు సుశీల. తొంభైకి దగ్గర పడింది, నా దగ్గరే ఉంటుంది. మోకాళ్ల నొప్పులని ఆ సాయంత్రం పెళ్లికి రాలేదు, అదొక్కటే మేలు. పెళ్లికొడుకు కారు ముందు ట్రాలీ మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలు పేర్చి పెట్టారు. వాటిలోంచి డప్పు దరువు మీద ఒక ఆడగొంతు లేచింది, ‘పాలు పొంగెర పిలగా, పలుకవైతివిర’ అని. చెప్పు సరిచేసుకోవడానికి వంగినదాన్ని అలాగే ఉండిపోయాను. ఆ మాటలు నా చిన్నతనంలో ఒక్క చోట విన్నవి. ఆ చోట కూర్చున్న కొద్దిమంది ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియవని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇక్కడ మా తమ్ముడి మనవరాలు సాహితి జడ ముడేసుకుని మరీ ఎగురుతోంది. చెమటతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “అమ్మమ్మా, నువ్వు గూడ రా. ఇప్పుడు ఏ పెళ్లిల జూసినా గిదే పాట” అంది. తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున సాహితి ఆ పాట వీడియో ఫోనులో పెట్టి నా ముందు నిలబెట్టింది. పాట వింటే కోపం వచ్చింది. చూస్తే ఏం రావాలో కూడా తోచలేదు. మొదట ఆకాశంలోంచి చూపిస్తారు. కింద కల్లం నిండా ఎర్రగా ఎండుమిర్చి, కంటికి ఆనినంత మేర. అందులో ఆకుపచ్చ లంగా ఓణీ వేసుకున్న పిల్ల ఒట్టికాళ్లతో మెల్లగా నడుస్తుంటుంది. డ్రోన్ గద్దలాగా దిగి ఆ పిల్ల చుట్టూ తిరిగి, జుట్టు వెనక సూర్యుణ్ణి పట్టుకుంటుంది. తర్వాత ఒక మట్టి ఇల్లు. గోడలకు ఎర్రమన్ను, సున్నపు గీతలు ఆ పొద్దున్నే వేసినట్టున్నాయి. పొయ్యిలో మసి లేదు, ఇత్తడి గిన్నెకు సొట్ట లేదు. ‘పాలు పొంగెర’ అన్నప్పుడు కెమెరా ఆ గిన్నె దగ్గరికి పోతుంది, పాలు నిదానంగా పొంగి అంచు దాటుతాయి, పిల్ల పెదవి కొరుక్కుని నవ్వుతుంది. ‘కండ్లు మండెర పిలగా’ అంటే ఆ పిల్ల కన్ను నలుపుకుంటుంది, అబ్బాయి వచ్చి ఊదుతాడు. ‘ఏ మత్తుల పండితివో’ అన్నచోట ఆ అబ్బాయి తాటిచెట్టు కింద చొక్కా గుండీలు విప్పుకుని, పక్కన కల్లు లొట్టి పెట్టుకుని పడుకుని ఉంటాడు.

నేను తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కెమెరా సంగతి ఈమెకేం తెలుసు అనుకునేవాళ్లు అనుకోవచ్చు. కథ చెప్పడమంటే ఎక్కడ నిలబడి చెబుతున్నామన్నదే సగం సంగతి, రాసేవాళ్లకైనా అంతే, తీసేవాళ్లకైనా అంతే. ఈ కెమెరా ఒక్క చోట నిలబడలేదు. వెలుగు బాగుంది, రంగులు బాగున్నాయి, షాట్ల కోత ఎక్కడా తడబడలేదు, పనిమంతుడే తీశాడని ఒప్పుకుంటాను. ఆ పనితనమే నన్ను ఎక్కువ మండించింది. చేతకానివాడు తీసి ఉంటే ఇంతమంది నమ్మేవారు కాదు. పాలు గిన్నెలోవి కావు. కళ్లు మండింది ప్రేమకు కాదు. ఆ మాట ‘మత్తుల’ కూడా కాదు, ‘మన్నుల’. ఏ మన్నుల పండితివో అని అడిగింది మా చిన్నమ్మ.

మా బాపుకు వరంగల్ గంజ్‌లో మిర్చి అడ్తి దుకాణం ఉండేది, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేవాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ మధ్య పొడుగాటి రేకుల షెడ్డు. రైతులు తెచ్చిన మిర్చి అందులో పోసి ముచ్చికలు, అంటే కాయల తొడిమలు, తీయించేవారు, తాలు కాయలు వేరు చేయించేవారు. మా ఇంట్లో అన్నిటికీ మిర్చి వాసనే. దిండ్లకు, పాఠ్యపుస్తకాలకు, ఉతికి మడతపెట్టిన బట్టలకు కూడా. మాకు అలవాటైపోయింది గానీ చుట్టాలు గడప దాటకముందే తుమ్మేవారు. ఆ తుమ్ములు వినే అమ్మ చాయ్‌కి నీళ్లు పెట్టేది. ఒకసారి ఫలానా పెద్దమ్మ తుమ్ము ఇదని పోల్చుకుని ఆమెకు ఇష్టమని అటుకులు కూడా నానబోసింది. కూలికి వచ్చే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం తినేముందు చేతులకు నూనె రాసుకుని తుడుచుకునేవారు, అయినా ముద్ద కలిపిన చేతికంటే నోరే ఎక్కువ మండుతుందని నవ్వుకునేవారు. ఆ నూనె వాసన, గోనెసంచుల వాసన, వేడెక్కిన రేకుల వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత గోదాము తలుపు తీస్తే నాకు గొంతు గరగరలాడుతుంది.

బాపు చెడ్డవాడని చెప్పను. కానీ ఆయనకు పట్టింపులు ఎక్కువ. తెల్లారుజామున స్నానం చేసి నామం పెట్టుకుని దుకాణంలో దీపం వెలిగించేవాడు. బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ లేదనే మాట అనకూడదు, కాదనకూడదు, కంట తడి పెట్టకూడదు. మధ్యాహ్నం ఆయన నడుం వాల్చే వేళ, కాబట్టి చప్పుడు ఉండకూడదు. మాపటికి దీపాల వేళ, లక్ష్మి వచ్చే వేళ, అప్పుడసలే కూడదు. ఇలా మా ఇంట్లో ఏడవడానికి పొద్దు మొత్తంలో ఒక వేళంటూ లేకుండా పోయింది. చిన్నపిల్లలం మేం పడి మోకాలు చెక్కుకుపోయినా పెదాలు బిగపట్టుకుని అమ్మ దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఆమె మమ్మల్ని కొంగులో దాచుకుని, ముందు దుకాణం వైపు చూసి, తర్వాత దెబ్బ చూసేది.

అలాంటి ఇంటికి చిన్నమ్మ కాన్పుకు వచ్చింది. అప్పటికే తాత, అమ్మమ్మ లేరు, అందుకని అక్క ఇల్లే ఆమెకు పుట్టిల్లు. అత్తగారిది స్టేషన్ ఘన్‌పూర్. మగపిల్లవాడు పుట్టాడు. మా దగ్గర తొట్లెలో, అంటే ఊయలలో, వేసిన రోజునే పేరు పెడతారు. అందాకా మగపిల్లవాడైతే పిలగాడు, అంతే. పిలగాడు పాలు తాగిండా, పిలగాడు పండిండా అని ఇల్లంతా వాణ్ణి అలాగే పిలిచింది. అమ్మ తొట్లె కడిగించి పసుపు రాయించింది. ఆ రోజు రాకముందే పిల్లవాడికి జ్వరం తగిలింది. దవాఖానకు తీసుకుపోయారు, తీసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం బాపు పాత ధోవతిలో చుట్టి ఇద్దరు మగవాళ్లు తీసుకుపోయారు. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పకూడదని మా వాళ్ల పట్టింపు. చెబితే అక్కడే తిరుగుతుందట. చిన్నమ్మ అడిగింది, ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున ఆమె వెక్కిళ్లు దుకాణం దాకా వినిపించాయి. బాపు లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“తొట్లెల గూడ ఎయ్యలే, పేరే లేదు. గాయింత దానికి పొద్దుగాల బోణీ కాకముందు గీ ఏడ్సుడేంది?” అన్నాడు, చిన్నమ్మతో కాదు, అమ్మతో. కోపంగా కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత అత్తగారివాళ్లు కబురు పెట్టలేదు. కొన్నాళ్లకు వాళ్లబ్బాయికి వేరే పెళ్లి చేశారని తెలిసింది. చిన్నమ్మ మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడే ఆమె ఒక పని చేసింది. మా ఇంటి ఆడవాళ్లు షెడ్డులోకి చాయ్ పంపేవారే గానీ అక్కడ కూర్చునేవారు కాదు. పిలగాడు పోయిన కొద్ది రోజులకే చిన్నమ్మ ఒకరోజు పోయి కూలివాళ్ల వరసలో, గోడ పక్కన కూర్చుని ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది. అమ్మ కంగారుపడింది. “నలుగురు జూస్తె ఏమంటరే సుశీలా? మనింటి ఆడోళ్లు గిట్ల కూసుంటరా?” అంది. “పొద్దువోతలేదక్కా” అంది చిన్నమ్మ, చేతులు ఆపకుండానే. నేను బడి నుంచి వచ్చి గోనెసంచుల మీద కూర్చుని చూసేదాన్ని. నాకు అర్థం కావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఆ షెడ్డులో అందరి కళ్లూ కారతాయి. అక్కడ ఎవరు ఎందుకు ఏడుస్తున్నారని ఎవరూ అడగరు. మా ఇంటి మొత్తంలో ఏడవడానికి వీలున్న జాగా అదొక్కటే.

ఆమె పక్కన కొమురమ్మ కూర్చునేది. నెక్కొండ నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చే ఆడవాళ్లలో ఆమె పెద్దది, గట్టి మనిషి. చిన్నమ్మ రవిక తడిసి ఉండడం మొదట చూసింది ఆమే. “చెల్లె, పాలు గడ్డ గడ్తయి. పిండెయ్యి. నువ్వు గోడ దిక్కు తిరుగు, నేను అడ్డం గూసుంట” అంది. మా అమ్మకు తోచని మాట అది, లేదా తోచినా ఎలా అనాలో తెలియని మాట. చిన్నమ్మ గోడ వైపు తిరిగింది. కొమురమ్మ కాళ్లు చాపి అడ్డంగా కూర్చుని, మిగతావాళ్లతో ఏదో వేళాకోళం ఆడుతూ ముచ్చికలు తీసింది. ఆ గోడ వైపు నుంచే, కాయ తుంచే చప్పుడుకు తగ్గట్టు, మొదటి చరణం వచ్చింది.

పాలు పొంగెర పిలగా, పలుకవైతివిర
కండ్లు మండెర పిలగా, కాయలు గావుర
ఏ మన్నుల పండితివో, ఎండ దలిగెనో

అది పాటని చిన్నమ్మ అనుకుని ఉండదు. కానీ ఆ పనిలో ఒకరు ఒక చరణం అంటే మిగతావాళ్లు దాన్ని అందుకోవడం రివాజు, అప్పుడే చేతులు ఒక్క తీరుగా ఆడతాయి. కొమురమ్మ అందుకుంది. తర్వాత అందరూ అందుకున్నారు. ఎవరి పిలగాని కోసం వాళ్లు పాడారేమో నాకు తెలియదు. బాపు దుకాణంలో కూర్చుని విన్నాడు, కూలివాళ్ల పాటే కదా అని ఊరుకున్నాడు. ఒక మనిషి ఏడిస్తే పనికిరాని ఇంట్లో నలుగురు కలిసి పాడితే పనికొచ్చింది.

నా చేతిలో కెమెరా ఉంటే దాన్ని ఆ షెడ్డు నేల మీద, వాళ్ల చేతుల ఎత్తున పెట్టి కదలకుండా వదిలేస్తాను. వెలుగు రేకుల సందులోంచి ఎంత వస్తే అంతే. ముఖాలు కనిపించకపోయినా ఫరవాలేదు. చిన్నమ్మ వీపు కనిపించాలి, కొమురమ్మ మోకాలు అడ్డం కనిపించాలి. ఆ షెడ్డును పైనుంచి చూస్తే ఏముంటుంది, తుప్పు పట్టిన రేకులు. మిర్చి రంగు గురించి ఆ ఆడవాళ్లు ఒక్కనాడు మాట్లాడగా నేను వినలేదు. ఎరుపు అందంగా ఉంటుందని తెలుసుకోవాలంటే దానికి దూరంగా నిలబడగలగాలి, వాళ్లకు ఆ వీలు ఎక్కడిది? అప్పుడు ఏడుపును దాచమన్నారు, ఇప్పుడు అదే ఏడుపును ఊరంతా చూపిస్తున్నారు. రెండు కాలాల్లోనూ చిన్నమ్మను చూసినవాడు లేడు.

వీడియో కింద ఉన్న నంబరుకు సాహితి చేత ఫోన్ చేయించి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. నాకు కావలసింది ఒకటే. ఆ పాటను అలా ఉంచకూడదు, చిన్నమ్మ చెవిన పడకముందే తీసెయ్యాలి. కింది ఇంట్లో పిల్లలు అప్పటికే దాన్ని పాడుతున్నారు. రెండు రోజులకు ఆ వీడియో తీసిన అబ్బాయి ఇంటికి వచ్చాడు. రాకేశ్ అన్నాడు పేరు. పాతికేళ్లుంటాయేమో. పండ్లు తెచ్చాడు, కాళ్లకు దండం పెట్టాడు. తిట్టాలని దాచుకున్న మాటలు నాకు సగం అక్కడే పోయాయి.

“అమ్మా, మీకు కోపమొచ్చిందని తెలిసింది. తప్పేమన్న జరిగిందా?” అన్నాడు.

“ఈ పాట నీకు యాడిది?”

“మా నాయనమ్మదమ్మా. నెక్కొండ కొమురమ్మ. చిన్నప్పుడు నన్ను పండవెట్టుకుంట పాడుతుండె. ఆమె పోయినంక పాట పోవద్దని తీసిన.”

ఆ పాట మీద నాకెంత హక్కుందో వాడికీ అంత ఉంది. కొమురమ్మ వాణ్ణి పిలగా అని పిలిచి నిద్రపుచ్చింది మరి. “ఎవరి మీద కట్టిందో ఆమె చెప్పలేదా?” అని అడిగాను.

“నేను అడగలేదమ్మా. పిలగా అంటే లవర్‌నే గదా, ఇప్పుడు పాటలన్నిట్ల గంతే. మన్నుల పండుడేందని మా సింగర్ అడిగింది. మాకు గూడ సమజ్ కాలే. గందుకే మత్తుల అని మార్చినం.”

చెప్పాను. షెడ్డు, గోడ, పాలు, పాత ధోవతి, ఎక్కడో తెలియని మన్ను, అంతా చెప్పాను. అబ్బాయి తల దించుకుని విన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి నిజమైనవే. తర్వాత తలెత్తి, ఎంతో మనసు పెట్టి, “అమ్మా, మరి సాడ్ వెర్షన్ చేద్దామా?” అన్నాడు. “తొట్లె పెడదాం. ఖాళీ తొట్లె ఒక్కటే ఊగుతాంటది, వాన వడ్తాంటది, డ్రోన్ మెల్లగ పైకి పోతది. చూసినోళ్లు ఏడ్వాలె.”

“నీ కెమెరా ఎప్పుడన్న కిందికి దిగుతదా బిడ్డా?” అన్నాను.

“కింద పెడితే ఏం గనవడ్తదమ్మా? చేతులు గనవడ్తయి, గంతే.”

“అదే పెట్టు.”

“చేతులను ఎవరు చూస్తరమ్మా?” అన్నాడు. ఎదురు చెప్పాలని కాదు, నిజంగా అడుగుతున్నాడు. డ్రోన్ పైకి పోయే షాట్ ఎట్లా ఉంటుందో నాకు చూపించడానికి పాత వీడియో పెట్టాడు. నేను ఆపమనేలోపే పాట గదంతా పరుచుకుంది. లోపలి నుంచి చిన్నమ్మ ఊతకట్టె చప్పుడు వినిపించింది.

వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎవరు బిడ్డా నువ్వు అని అడిగింది. కొమురమ్మ మనవడినని చెబితే వాడి చెయ్యి తీసుకుని చెంపకు ఆనించుకుంది. “మల్ల వెట్టు” అంది. నేను వద్దని సైగ చేశాను, వాడూ ఫోను దాచబోయాడు, ఆమె చెయ్యి చాచి అలాగే ఉంచింది. ఇక తప్పలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని మొదటి నుంచి చూసింది. నేను ఆమె ముఖం చూడలేక కిటికీ వైపు చూశాను.

“మిర్చి మీద గట్ల నడుస్తరా? పలిగి ఇత్తులన్ని రాల్తయి” అంది మొదట. పాలు పొంగే చోట, “పాలు పొయ్యి మీద వెట్టిండ్రేంది?” అని రాకేశ్ వైపు చూసింది. ‘మత్తుల’ అన్నమాట ఆమె చెవికి ఆనిందో లేదో తెలియదు. తాటిచెట్టు కింది అబ్బాయి వచ్చినప్పుడు మాత్రం ఫోను ఇంకా దగ్గరికి తెచ్చుకుంది.

“గీ పిలగాడు ఎవరు?”

“హీరో అమ్మమ్మా. మా దోస్తే.”

“పేరేంది?”

“వంశీ.”

చిన్నమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుంది. పాట ఇంకా మోగుతూనే ఉంది.

“పేరున్నది గదా బిడ్డా. పేరున్నోన్ని గా పిల్ల పిలగా అని ఎందుకు పిలుస్తాంది?”

రాకేశ్ నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు. చిన్నమ్మ నిష్ఠూరానికి అడగలేదు, తెలియకే అడిగింది, అందుకని జవాబు కోసం చాలాసేపు వాడి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. పాట అయిపోయి, దాని వెనకే ఇంకో పాట తనంతట తానే మొదలైంది, అందులోనూ ఎవరో ఎవరినో పిలగా అంటున్నారు. ఆమె ఫోను వాడి చేతిలో పెట్టి, కట్టె అందుకుని, లోపలికి పోయి పడుకుంది.